నీలి రిబ్బను పిల్ల

“ఇంకోసారి చదువమ్మా,” అన్నారు మామగారు.

కోడలు అప్పటికే మూడుసార్లు చదివింది. నాలుగోసారి చదివితే ల్యాబు పంపిన కాగితం మీది మాటలు మారిపోతాయా? అయినా పెద్దాయన మాటకు అడ్డు చెప్పే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు. గొంతు సవరించుకుని మళ్ళీ మొదలుపెట్టింది.

“దొరసానికి పుట్టిన అయిదు పిల్లల్లో ఎర్ర, తెల్ల, పసుపు, ఆకుపచ్చ రిబ్బన్ల పిల్లలు నాలుగూ మీరు రాసిచ్చిన తండ్రికి పుట్టినవే. నీలి రిబ్బను పిల్ల మాత్రం కాదు.”

“ఆ కింద ముక్క?”

“దాని నమూనా, మీరు ఇదివరకు పంపిన సర్దారు నమూనాతో కలిసింది. సర్దారే దాని తండ్రి.”

తన పేరు వినపడగానే మామగారి కుర్చీ కింద పడుకున్న సర్దారు తల ఎత్తాడు. లేవబోయాడు. వెనక కాళ్ళు మాట వినలేదు. మళ్ళీ గడ్డం నేలకు ఆనించి, నన్నెందుకు పిలిచారన్నట్టు అందరి మొహాలూ చూశాడు. తొమ్మిదేళ్ళవాడు. ఒకప్పుడు కుక్కల పోటీ రింగులో అడుగుపెడితే పక్క కోర్గీ కుక్కల యజమానులు అప్పుడే పెట్టె సర్దుకునేవాళ్ళు. ఇప్పుడు వెనక పాదాలు నేలకు రాసుకుని పుండ్లు పడకుండా రెండు మేజోళ్ళు తొడుక్కుని తిరుగుతున్నాడు.

ఒకే కాన్పులో ఇద్దరు తండ్రులా అని కొత్తవాళ్ళు నోరు తెరుస్తారు గానీ కుక్కల విషయంలో అదేమీ వింత కాదు. ఎదకు వచ్చిన రోజుల్లో రెండు మగకుక్కలు కలిస్తే చాలు. వింతల్లా, అది ఈ ఇంట్లో జరగడమే.

ఎందుకంటే ఈ ఇంటికి ఒక మాట ఉంది. కుక్కల గది గోడ మీద మామగారు స్వయంగా కుంచె పట్టి, స్టేషన్ బోర్డు మీద రాసినంత లావు అక్షరాలతో రాశారు: ‘పరీక్ష నెగ్గని కుక్క ఈ ఇంట్లో పిల్లల్ని కనదు.’ ఆయన స్టేషన్ మాస్టరుగా రిటైరైనా స్టేషన్ మాత్రం ఆయన లోంచి రిటైరవలేదు. సర్దారుకు రెండేళ్ళప్పుడే పరీక్ష చేయించారు. వెన్నులో నరాలు మెల్లమెల్లగా చచ్చిపోయే జబ్బు వాడి ఒంట్లో పూర్తిగా ఉందని తేలింది. “వీడు రింగులో నడుస్తాడు, తండ్రి మాత్రం కాడు” అని ఆ రోజే తీర్మానించారు. ఎంతమంది ఎంత బతిమాలినా ఏడేళ్ళుగా ఆ తీర్మానం కదల్లేదు.

దొరసాని ఒంట్లోనూ ఆ జబ్బు విత్తనం సగం ఉంది. అందుకే ఆ విత్తనం బొత్తిగా లేని మగకుక్కను ఊరి అవతల వెతికి పట్టుకుని జత కట్టించారు. అలా పుట్టిన పిల్లలకు ఏ భయమూ లేదు. కానీ దొరసానికీ సర్దారుకీ పుట్టిన పిల్లకు? బొమ్మా బొరుసా వేసినట్టే.

“ఒకటి చెప్తా వినండి,” అన్నారు మామగారు, అందరినీ వరసగా చూస్తూ. “వీడు తలుపు తోసుకుని వెళ్ళాడని ఎవరూ నా చెవిలో పువ్వులు పెట్టొద్దు. రెండు తలుపులున్నాయి. పైగా కోర్గీలకు కాళ్ళు పొట్టి, నడుం పొడుగు. వాటంతటవి జత కుదరడం ఎంత కష్టమో మీకందరికీ తెలుసు. రబ్బరు పట్టా పరవాలి. ఒకళ్ళు దొరసాని తల పట్టుకోవాలి. ఒకళ్ళు వీడికి ఆసరా ఇవ్వాలి. ఇరవై నిమిషాలు కదలకుండా కూచోవాలి. ఇది పొరపాటు కాదు. ఇద్దరు కలిసి చేసిన పని.”

కోడలి భర్త గోడ మీది గడియారాన్ని చూస్తున్నాడు. ఆడపడుచు తన గోళ్ళు చూసుకుంటోంది. అత్తగారు కుక్కపిల్లల్ని ఉంచే చెక్క చట్రం పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని రిబ్బన్లకు హుక్కులు కుడుతోంది. చట్రంలో అయిదు పిల్లలూ ఒకదాని చెవి ఒకటి కొరుక్కుంటున్నాయి. వాటికేం, తండ్రి ఎవరైతే ఏం!

“సాయంత్రంలోగా ఆ ఇద్దరూ నా ఎదుటికి వచ్చి ఒప్పుకోవాలి,” అన్నారు మామగారు. “ఒప్పుకున్నా సరే, వాళ్ళకు ఈ ఇంట్లో చోటు లేదు. కొడుకు కానీ, కూతురు కానీ, కోడలు కానీ. గడప దాటాల్సిందే.”

కొడుకు, కూతురు, కోడలు. లెక్కలో ముగ్గురే. అత్తగారి పేరు ఆయన నోట రాలేదు, రాలేదని ఎవరికీ తట్టలేదు కూడా. తాను పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచీ ఆవిడ ఒక్క కుక్కనైనా ముట్టుకోవడం కోడలు చూడలేదు. ‘ఆ వాసన నాకు పడదు’ అని ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని పక్కకు తప్పుకునేది.

“అమ్మా, రిజిస్టరు తీసుకురా,” అన్నారు మామగారు కోడలి వైపు తిరిగి.

కోడలు మెల్లగా లేచింది.

*

ఆ ఇంట్లో కోడలికి ‘రిజిస్టరు’ అనే పేరు ఆడపడుచు పెట్టింది. మొదట్లో వెక్కిరింపుకే పెట్టినా, తర్వాత తర్వాత అది బిరుదైపోయింది. ఏ పిల్ల ఏ రోజు ఎన్ని గ్రాములు పెరిగిందో, ఏ కుక్కకు కళ్ళ పరీక్ష ఎప్పుడు చేయించారో, అన్నీ ఆమె చేతిరాతలోనే ఉంటాయి. కుక్కల క్లబ్బుకు పంపే కాగితం మీద, ఫలానా కాన్పుకు ఫలానా కుక్క తండ్రి అని హామీ ఇచ్చే సంతకం కూడా ఆమెదే. షోలో ఎక్కడో ఎవరో, ఆ ఇంటి కాగితాలు కళ్ళు మూసుకుని నమ్మొచ్చు అన్నారని తెలిసిన రోజున ఆమె రెండు రోజులు నేల మీద నడవలేదు.

దొరసాని ఎదలో ఉన్న రోజులకు వేరే పుస్తకం. రోజుకు నాలుగు వరసలు. ప్రతి వరసలో కుక్క ఒంటి వేడి, తిన్న తిండి, చివర ‘రెండు తలుపులూ వేశాను’ అన్న మాట కింద సంతకం.

మామగారు కళ్ళజోడు పెట్టుకుని, వేలు పెట్టి పేజీలు తిప్పారు. “పదకొండో రోజు నుంచి పదమూడో రోజు దాకా దొరసాని ఆ మగకుక్క వాళ్ళింట్లో ఉంది. పదమూడో రోజు సాయంత్రం మనింటికి వచ్చింది. పద్నాలుగు, గురువారం. పదిహేను నుంచి అది మగకుక్కను దగ్గరికి రానివ్వలేదు. అంటే జరిగితే ఈ గురువారమే జరగాలి.”

వేలు అక్కడే ఆగింది.

“గురువారం నాలుగు సంతకాలూ నీవేనమ్మా.”

“అవును మామయ్యగారూ.”

“నాలుగుసార్లూ నువ్వే తలుపులు చూశావా?”

కోడలు ఆ పేజీ మీది సంతకాల వంక చూసింది.

ఆ గురువారం ఆమె ఇంట్లోనే లేదు. షోకు దరఖాస్తు ఇవ్వడానికి ఆఖరి రోజు. ఉదయం తొమ్మిదింటి బస్సెక్కి క్లబ్బు ఆఫీసుకు వెళ్ళి, క్యూలో నిలబడి, సాయంత్రం అయిదు దాటాక ఇల్లు చేరింది. వెళ్ళే ముందు, నిలబడ్డ పళంగా, నాలుగు వరసల్లోనూ నాలుగు సంతకాలు గీకేసింది. తలుపులు వేసే ఉన్నాయి కదా, ఎవరు తీస్తారు అనుకుంది. అలా ముందే సంతకాలు పెట్టడం అదే మొదటిసారి అని చెప్పుకోవడానికి కూడా లేదు. అది మూడోసారి.

“చూశాను,” అంది.

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందంటే ఆమెకే అసహ్యం వేసింది.

మామగారు పుస్తకం మూశారు. “మంచిది,” అన్నారు. ఆ ‘మంచిది’లో మంచి ఏమీ లేదు.

*

కుక్కల్ని స్నానం చేయించే గదిలో ఆడపడుచు దొరసానిని బల్ల మీద నిలబెట్టి గోళ్ళు కత్తిరిస్తోంది. ఇంట్లో అందరూ ఆమెను బుజ్జి అంటారు. ఆసుపత్రిలో నర్సు. డ్యూటీలో ఎంతమందికి సూదులు పొడిచి వస్తుందో గానీ, ఇంటికి వచ్చాక మాటలతో పొడవడం మానదు. సర్దారును రింగులో నడిపించి కప్పులు తెచ్చింది ఆమే. ఇప్పుడు రోజూ వాడి వెనక కాళ్ళకు కసరత్తు చేయించేదీ ఆమే.

కోడలు వెళ్ళి దొరసాని తల పట్టుకుంది. బుజ్జి రెండు గోళ్ళు కత్తిరించింది.

“అడుగు వదినా,” అంది బుజ్జి తల ఎత్తకుండా. “నాలిక చివర పెట్టుకుని తిరిగితే పుండు పడుతుంది.”

“ఏం అడగాలి?”

“నువ్వే చేశావా బుజ్జీ అని. నాన్నగారు కాగితం చదివించినప్పటి నుంచీ నా వంకే చూస్తున్నావుగా.”

“నీకు సర్దారంటే ప్రాణం. అది నేను చెప్పాలా?”

“ప్రాణమే.” కత్తెర టక్కుమంది. “రోజూ పొద్దున్నే వాడి కాళ్ళు సైకిల్ తొక్కించినట్టు తొక్కిస్తాను. వాడు నా మొహం వంక చూస్తాడు, ఇంకెన్నాళ్ళు అన్నట్టు. అది చూసే మనిషిని, ఇంకోదాన్ని అలాగే పుట్టిస్తానా? కాస్త బుర్ర పెట్టి ఆలోచించు.”

“మరెవరు?”

“నన్నడుగుతావేం? సంతకం నీది.”

“నేను తలుపులు చూశాననే చెప్పాను కదా.”

బుజ్జి కత్తెర పక్కన పెట్టింది. మొదటిసారి సూటిగా చూసింది. “ఆ గురువారం నాకు పగటి డ్యూటీ. సాయంత్రం బస్సులో ఆఖరి సీట్లో నేనున్నాను. ముందు సీట్లో నువ్వు, ఒళ్ళో ఆఫీసు కవరు పెట్టుకుని, నోరు తెరుచుకుని నిద్రపోతున్నావు. లేపుదామనుకున్నా. పాపం అలిసిపోయిందిలే అని ఊరుకున్నా.”

దొరసాని తల విదిలించుకుంది.

“నాన్నగారి ముందు చెప్పొచ్చుగా?” అంది కోడలు.

“చెప్తే ఏమవుతుంది? ఒక్క సంతకం అబద్ధమైతే వెనకటి పేజీలన్నీ అనుమానమే. ఇన్నేళ్ళ పేరు పోతుంది. నీది కాదు వదినా, అందరిదీ.” బుజ్జి మళ్ళీ కత్తెర అందుకుంది. “నువ్వు చెప్తావేమో అని చూశాను. చెప్పలేదు.”

అది దెప్పిపొడుపే అయితే తిరిగి ఓ మాట అనేసి ఊరుకునేది. దెప్పిపొడుపు కాదు, బాధ. కోడలు గదిలోంచి బయటికి వచ్చేసింది.

వచ్చాక ఇంకో ఆలోచన పురుగులా తొలిచింది. బుజ్జి బస్సులో ఉంది, తానూ బస్సులో ఉంది. ఆ వారం మామగారికి కంటి ఆపరేషన్. రెండు కళ్ళకూ గంతలు కట్టుకుని తన గదిలో మంచం దిగలేదు. ఇక ఇంట్లో మిగిలిందెవరు?

తన భర్త పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణానికి సెలవు గురువారమే.

*

భర్త వరండాలో నిలబడి ఉన్నాడు. ఆమె కోసమే కాచుకుని ఉన్నట్టు, రాగానే గొంతు తగ్గించి మొదలుపెట్టాడు.

“టీచరమ్మ నాలుగింటికి వస్తుంది.”

“గుర్తుంది.”

ఎందుకు గుర్తుండదు? టీచరమ్మ మూడు వారాల కిందట వచ్చి, గంటసేపు నేల మీద కూర్చుని, నీలి రిబ్బను పిల్ల తన చెప్పు లాక్కుపోతే నవ్వి, ‘ఇదే కావాలి’ అంది. ఆమె పాత కుక్క చివరి రెండేళ్ళూ చక్రాల బండికి కట్టుకుని ఈడ్చుకుంటూ బతికింది. వెళ్ళేముందు కోడలి చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగింది: ‘ఎలాంటి కుక్కనైనా పెంచుతానమ్మా. ఆ జబ్బు మాత్రం ఇంకోసారి చూడలేను.’ కోడలు మాట ఇచ్చింది. గుండె మీద చెయ్యి వేసుకుని మరీ ఇచ్చింది.

“ఆకుపచ్చ రిబ్బను పిల్లా, నీలి పిల్లా చూడ్డానికి ఒకేలా ఉంటాయి,” అన్నాడు భర్త. “చర్మం కింద గుర్తింపు చిప్ ఇంకా వేయించలేదు. రిబ్బన్లు మార్చేద్దాం. టీచరమ్మకు ఏ జబ్బూ లేని పిల్ల వెళ్తుంది. నీలిది మన దగ్గరే ఉంటుంది. నష్టం ఎవరికి?”

“క్లబ్బుకిచ్చిన కాగితం?”

“అయిదు బదులు నాలుగే అని రాద్దాం. ఒకటి పోయిందంటే సరి.”

“బతికున్న పిల్లను పోయిందని రాయాలా?”

“అబ్బా! ఎవరికీ నష్టం లేని అబద్ధం అంటున్నా. నువ్వేదో ఎప్పుడూ ఆడనట్టు!”

ఆమె చటుక్కున తల ఎత్తింది. అతను అప్పటికే చూపు తిప్పేసుకున్నాడు.

“నేనెప్పుడు ఆడాను?”

“మాటవరసకు అన్నాను.”

“లేదు, చెప్పండి. ఎప్పుడు?”

“నీతో వాదించడం నా వల్ల కాదు,” అని నీళ్ళు నమిలి లోపలికి వెళ్ళిపోయాడు. ఏనాడూ గొంతు పెంచని మనిషి, గొడవంటే ఆమడ దూరం పారిపోయే మనిషి. ఇంత పెద్ద గొడవలో ఇంత తొందరగా ఉపాయం ఎలా దొరికింది ఇతనికి? రాత్రికి రాత్రి ఆలోచించాడా, నాలుగు నెలల నుంచీ ఆలోచిస్తున్నాడా?

కోడలు నేరుగా రిజిస్టరు దగ్గరికి వెళ్ళింది. హాల్లో మామగారు లేరు. అత్తగారు చట్రం పక్కన ఇంకా సూది దారంతోనే ఉంది. దొరసాని గోళ్ళు కత్తిరించుకుని వచ్చి, ఇంతమందిని వదిలి, ఆవిడ పాదం మీద గడ్డం ఆనించి పడుకుంది. ఆవిడ పాదం కదపలేదు.

పద్నాలుగో రోజు పేజీ.

సంతకాలు పొద్దున్నే పెట్టింది గానీ, ఒంటి వేడి గడి మాత్రం ఖాళీగా వదిలేసి వెళ్ళింది. లేని అంకెలు ఎక్కణ్ణుంచి వస్తాయి? వచ్చాక ఏదో ఒకటి వేద్దామనుకుంది. సాయంత్రం చూస్తే అన్నీ నిండి ఉన్నాయి. బుజ్జి ఆ పగలు ఇంట్లోనే ఉందనుకుని, తనే వేసి ఉంటుంది, ఎంత మంచి పిల్ల అని మనసులోనే మెచ్చుకుంది. మళ్ళీ ఆ పేజీ తెరవలేదు.

ఇప్పుడు చూసింది. మధ్యాహ్నం గడిలో నూట ఒకటి పాయింట్ ఏడు.

ఏడంకె నడుం మీద చిన్న అడ్డగీత.

ఆ గీత ఈ ఇంట్లో ఒక్కరే పెడతారు. కంటి నంబరు రాసేటప్పుడు ఏడును ఒకటిగా చదివి అద్దం తప్పుగా కోస్తారేమోనని, పదిహేనేళ్ళుగా దుకాణంలో అలవాటైన గీత. ఫోను నంబరు రాసినా, సరుకుల చీటీ రాసినా ఆ గీత పడాల్సిందే.

పక్కనే ఉన్న కుర్చీలో కూలబడింది. అంటే అతనికి తన దొంగ సంతకాల సంగతి ఆ రోజే తెలుసు. తెలిసే, ఆ అబద్ధం కింద తన పని దాచుకున్నాడు. దాచుకోవడమే కాదు, తన అబద్ధానికి అంకెలు కూడా నింపి పెట్టాడు. నాలుగు నెలలుగా ఒకే మంచం మీద పడుకుంటూ ఇద్దరూ చెరో గుట్టూ మోస్తున్నారు. కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది. ఏది ముందో తెలియలేదు.

ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఇరవై నిమిషాలు దొరసాని తల పట్టుకున్న రెండో మనిషి ఎవరు?

కళ్ళకు గంతలు కట్టుకుని మంచం దిగలేదన్న పెద్దాయన నిజంగానే దిగలేదా?

వాకిట్లో కారు ఆగిన చప్పుడైంది.

*

టీచరమ్మ కొత్త బుట్ట తెచ్చింది, అందులో మెత్తటి దుప్పటి పరిచి తెచ్చింది. పెద్ద మనిషి, చిన్నపిల్లలా మొహం వెలిగిపోతోంది. మామగారు ఆమెకు ఎదురుగా కూర్చుని మర్యాదకు నవ్వుతున్నారు గానీ, ఆ నవ్వు మీసం దాటి పైకి రావడం లేదు. కోడలు ఏం చెప్తుందో అని ఆయన కూడా చూస్తున్నట్టే ఉంది. అందరూ చూస్తున్నట్టే ఉంది.

“ఏదీ నా దొంగ? చెప్పులెత్తుకుపోయేది?” అంది టీచరమ్మ.

భర్త చట్రంలోంచి నీలి రిబ్బను పిల్లను తీసి కోడలి చేతికిచ్చాడు. చేతులు తగిలాయి. అతను వెంటనే వెనక్కి తీసుకున్నాడు.

ఆ ఇంటి పద్ధతి ప్రకారం, పిల్లను ఇచ్చేముందు తీసుకునేవాళ్ళ ఎదుటే తూచి, ఆ బరువు వాళ్ళకిచ్చే పుస్తకంలో రాసి ఇవ్వాలి. కోడలు పిల్లను తూకం బల్ల మీద పెట్టింది. అంకెలు అటూ ఇటూ ఊగి నిలబడ్డాయి.

రెండు కిలోల నాలుగు వందల అరవై.

పొద్దున్న నీలి రిబ్బను పిల్ల రెండు కిలోల ఏడు వందల నలభై. ఆకుపచ్చది రెండు నాలుగు అరవై. ఆమె పుస్తకం తెరవనక్కర్లేదు. అందుకే కదా రిజిస్టరు అన్నారు.

రిబ్బన్లు మారాయి. ఎవరో మార్చేశారు.

ఆమె పెన్ను పట్టుకుని ఆగింది. ఏమీ అనకుండా ఆ అంకె రాసేస్తే చాలు. టీచరమ్మకు ఆరోగ్యమైన పిల్ల దక్కుతుంది. ఇంటి పేరు నిలుస్తుంది. మొగుడు ఇంట్లోనే ఉంటాడు. నాలుగు సంతకాలూ నాలుగు సంతకాలుగానే ఉండిపోతాయి. అందరి నోళ్ళూ మూసి ఉన్నాయి, తన నోరు కూడా మూసుకుంటే సరిపోతుంది. ఎంత సులువు!

కానీ ‘ఆ జబ్బు లేదు’ అని తాను రాసిచ్చే కాగితాన్ని టీచరమ్మ నమ్ముతోంది. ఇకపైన ఎవరు నమ్మినా, తాను నమ్మగలదా?

“టీచరుగారూ,” అంది. “మీరు అడిగిన పిల్ల ఇది కాదు.”

“అదేంటమ్మా? నీలి రిబ్బనేగా?”

“రిబ్బను నీలిదే. పిల్ల ఆకుపచ్చది. మీరు అడిగిన పిల్లకు తండ్రి సర్దారు. ఈ కాళ్ళు ఈడ్చుకునే సర్దారే. దానికి ఆ జబ్బు వస్తుందో రాదో వారం తర్వాత పరీక్ష ఫలితం వస్తే గానీ తెలియదు. ఈ పిల్లకైతే ఏ భయమూ లేదు, కావాలంటే దీన్ని తీసుకోండి. కానీ తెలిసి తీసుకోండి.”

టీచరమ్మ మొహంలో వెలుగు పోయింది. మామగారు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు.

కోడలు రిజిస్టరు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

“ఈ నాలుగు సంతకాలూ నావే మామయ్యగారూ. కానీ పొద్దున్నే పెట్టేసి వెళ్ళిపోయాను. ఆ రోజు నేను ఇంట్లో లేను. పొద్దున మీకు అబద్ధం చెప్పాను. ఇలా ముందుగా పెట్టడం అది మూడోసారి.”

“వదినా!” అంది బుజ్జి.

“ఇక ఈ అంకెలు నావి కావు.” భర్త వైపు తిరిగింది. “ఈ ఏడు మీద గీత మీది కాదని చెప్పండి.”

పదిహేనేళ్ళ గీత, ఏమని కాదంటాడు? తల వంచుకున్నాడు.

“ఒరేయ్, నువ్వా!” మామగారు లేచారు. “నా పరువు... నా రాత గోడ మీద ఉండగానే... నీతో చేతులు కలిపింది ఎవరు? చెప్పు! రెండో మనిషి ఎవరు?”

కోడలు మామగారినే చూస్తోంది. ఆ కోపం నిజమా, నటనా? పొద్దుటి నుంచీ అందరికంటే గట్టిగా అరిచిన మనిషి ఈయనే కదా.

“వాణ్ణి నిలదీస్తారేం,” అంది ఒక గొంతు. “వాడు చెప్పడు. ఎవరికీ చెప్పనని వాడి చేత ఒట్టు వేయించుకున్నాను.”

ముక్కాలిపీట మీంచి అత్తగారు లేచింది. ఒళ్ళోంచి రిబ్బను ముక్కలు జారి నేల మీద పడ్డాయి. ఆవిడ వంగి చట్రంలో చెయ్యి పెట్టింది. ఆకుపచ్చ రిబ్బను కట్టిన బరువైన పిల్లను ఎత్తుకుంది. ఒక అరచెయ్యి ఛాతీ కింద, ఒక అరచెయ్యి పిరుదుల కింద, నడుం వంగకుండా, ఎలా ఎత్తాలని మామగారు ఇంట్లో అందరికీ నేర్పారో సరిగ్గా అలాగే. ఆవిడకు మాత్రం ఎవరూ నేర్పలేదు.

టీచరమ్మ కోసం తెచ్చిన మంచినీళ్ళ గ్లాసును బుజ్జి బల్ల మీద పెట్టడం మరచిపోయింది.

“నువ్వా?” అన్నారు మామగారు. “నీకు కుక్కలంటేనే...”

“కళ్ళకు గంతలు కట్టుకుని పడుకున్నారు,” అంది అత్తగారు. “మందుల మగతలో మూడు రోజులు ఒకటే కలవరింత. ‘నా సర్దారు వంశం వాడితోనే ఆగిపోయింది, వాడి తర్వాత ఎవరూ లేరు’ అని. లేచాక మీకేం గుర్తుంటుంది? విన్నది నేను. మెలకువలో మీరు ఏనాడూ అనని మాట. వీణ్ణి బతిమాలి ఒప్పించింది నేనే. దొరసాని తల పట్టుకున్నదీ నేనే. ఇందాక రిబ్బన్లు మార్చిందీ నేనే.”

“తప్పని తెలిసీ?” అన్నారాయన.

“తెలిసే. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా మీ రూలు వింటున్నాను, తెలియకుండా ఉంటుందా?” ఆవిడ పిల్లను గుండెకు హత్తుకుంది. అది ఆవిడ గాజు కొరకబోయింది. “టీచరుగారూ, నన్ను క్షమించండి. దీనికి కాళ్ళు పోతే ఆ బండి లాగేది నేను. మీకు ఆ అవసరం రానివ్వను.”

సర్దారు కుర్చీ కిందనుంచి మేజోళ్ళు ఈడ్చుకుంటూ బయటికి వచ్చి, ఆవిడ కాళ్ళ దగ్గర తల ఎత్తి, పిల్ల వాసన చూడ్డానికి ముక్కు సాచాడు. ఆవిడ వంగి చూడనిచ్చింది. తర్వాత ఒక చేత్తో గోడకు తగిలించిన సంచీ అందుకుని వాకిలి వైపు నడిచింది. గడప దగ్గర ఆగింది.

“పొద్దున ముగ్గురి పేర్లు చెప్పారు. నా పేరు చెప్పలేదు,” అంది వెనక్కి తిరగకుండా. “మీ మాట నాకు వర్తిస్తుందా, వర్తించదా? అది తేల్చి చెప్పండి. మన కొడుకును ఉంచి నన్ను పంపినా సరే, నన్ను ఉంచి వాణ్ణి పంపడం మాత్రం కుదరదు.”

మామగారు కళ్ళజోడు తీశారు. కొడుకును చూశారు, కోడలిని చూశారు, గోడ మీది తన రాత ఉన్న గది వైపు చూశారు. పచ్చజెండా ఊపాలన్నా ఎర్రజెండా ఊపాలన్నా చెయ్యి లేచే మనిషికి, ఆ క్షణాన ఏ చెయ్యీ లేవలేదు.

అత్తగారు ఒక కాలు గడప అవతల పెట్టి నిలబడి ఉంది.